గూస్‌బెర్రీ పొద మీద గొడుగు

థోర్నిగిల్, యార్క్‌షైర్
జూన్ 2, 1985, ఆదివారం

ఎనిడ్‌కి,

నీ ఉత్తరం గురువారం అందింది. ఆ రోజు పొద్దున ఎండ, మధ్యాహ్నం వడగళ్లు, సాయంత్రం మళ్లీ ఎండ. ఇవాళ ఇప్పటిదాకా వాన లేదు. అయినా నమ్మడానికి లేదు.

మన ఒప్పందం నాకు గుర్తుంది. ప్రతి ఉత్తరంలోనూ రాయక్కర్లేదు. చలికాలంలో కెటిల్ పొయ్యి మీద మరిచిపోయిన మాటా, వంటగది గోడ నల్లబడిన మాటా నిజమే. అందుకే ఒప్పుకున్నాను. ఈ వేసవి ఇల్లూ తోటా ఒక్కణ్ణే చూసుకోగలిగితే ఇక్కడే ఉంటాను. ఆగస్టులో గూస్‌బెర్రీ కాయల బరువు పోటీ అయ్యేలోపు నా తల తిన్నగా పనిచేయడం లేదని తేలితే, ఇల్లు అమ్మేసి వర్దింగ్‌లో నీ వెనక గదిలోకి వస్తాను. ఆ గది బాగానే ఉంటుంది. కిటికీలోంచి పక్కింటి గోడ కనిపిస్తుంది.

నాన్న నాటిన గూస్‌బెర్రీ పొద ఈ ఏడు బాగుంది. మూడు కాయలుంచి మిగతావన్నీ తుంచేశాను. తూర్పు కొమ్మ మీదున్నది ఇప్పటికే పిచ్చుక గుడ్డంత ఉంది. మొన్న ఉదయం ఆకాశం తేటగా ఉందని, కాయలకు ఎండ తగలాలని, వానకు అవి పగలకుండా పొద మీద కట్టిన గొడుగు మూసి నడకకు వెళ్లాను. వాగు వెంబడే వెళ్లి, పాత మిల్లు దగ్గర కంచె మెట్లు దాటి, పైకి ఎక్కాను. హాథార్న్ పూలు ఇంకా రాలలేదు. తీతువులు నా తల మీదే తిరుగుతూ తిట్టాయి. పిల్లలు పెట్టినట్టున్నాయి. కొండ మీద ఉండగా జల్లు పడింది. గోడ చాటున కూర్చుని జున్ను రొట్టె తిన్నాను. హాయిగా ఉంది.

ఇంటికి వచ్చి చూస్తే గొడుగు తెరిచి ఉంది.

నేను మూసే వెళ్లాను.

నీ అన్నయ్య
సైలస్

*

వర్దింగ్
జూన్ 9

అన్నయ్యా,

ఇన్నేళ్లు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చున్న పుణ్యం, నువ్వు ఉత్తరం రాస్తే రైలు వచ్చింది, రైలు వెళ్లింది అన్నట్టే ఉంటుంది. "గొడుగు తెరిచి ఉంది." అంతేనా? ఎలా ఉన్నావు, ఏం తింటున్నావు, రాత్రి నిద్ర పడుతోందా, ఒక్క ముక్కా లేదు!

గొడుగు సంగతి నాకైతే వింతగా అనిపించలేదు. మూద్దామనుకుని ఉంటావు, మూసి ఉండవు. నేనూ నిన్న కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతుక్కున్నాను. కాకపోతే నా కళ్లజోడు వల్ల వంటగది తగలబడదు.

ఇక్కడ వాతావరణం గురించి అడక్కు. సముద్రపు ఒడ్డున కుర్చీలు అద్దెకు తీసుకున్నవాళ్లంతా వానకోట్లు తొడుక్కుని, ఎండ కాస్తున్నట్టే కూర్చుంటున్నారు. డబ్బు కట్టాక లేవడం నామోషీ. నేనూ కూర్చున్నాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతో వంతెన దాకా వెళ్లావట. నిజమేనా?

ప్రేమతో
ఎనిడ్

*

థోర్నిగిల్
జూన్ 16

ఎనిడ్‌కి,

చెప్పుల సంగతి నీకెవరు చెప్పారు?

నేను రాయలేదు. బూట్లు తడిసి, లోపల వార్తాపత్రికలు కుక్కి పొయ్యి పక్కన ఆరబెట్టాను. పాలవాడు సీసాలు వంతెన దగ్గరే దింపి వెళ్లిపోయాడు కనుక చెప్పులతోనే వెళ్లి తెచ్చుకున్నాను. ఆ సమయంలో దారిలో ఎవరూ లేరు. కిటికీ తెర కదిలిన ఇల్లు మాత్రం ఒకటుంది. పక్కింటి జాబెజ్ హార్లండ్‌ది.

గొడుగు మళ్లీ తెరుచుకుంది. ఈసారి జాగ్రత్తపడ్డాను. వెళ్లే ముందు తోట గేటుకు, గుంజకు మధ్య మైనం రాసిన దారం కట్టాను. మధ్యలో వాన. తిరిగి వచ్చేసరికి దారం తెగి ఉంది. గొడుగు తెరిచి, కర్రకు తాడుతో బిగించి ఉంది. ఆ ముడి నాది కాదు.

నాకు అర్థమైంది. తూర్పు కొమ్మ కాయ ఎంత పెరిగిందో కొలుచుకోవడానికే వాడు వస్తున్నాడు. కొలిచి ఊరుకుంటే ఫర్వాలేదు. బొటనవేలితో ఒక్కసారి నొక్కితే చాలు, పోటీ నాటికి కాయ మెత్తబడిపోతుంది. పద్దెనిమిదేళ్ల కిందట నేను గెలిచినప్పుడు "తడి కాయను తూచారు" అని హాలంతా వినేలా అరిచాడు, గుర్తుందిగా. అప్పట్నుంచి మా మధ్య మాటలు గోడ మీదుగానే, అవీ మంచివి కావు. నిన్న కూడా అంతే.

"ఏరా సైలస్, నీ పొద నీరసంగా ఉందే!" అన్నాడు.

"నీకెలా తెలుసు? గోడ ఇంత ఎత్తుంది కదా."

"ముక్కుతో తెలుస్తుంది. నీరసం వాసన వేస్తుంది."

"నీ ముక్కు నీ గోడకు అటువైపే ఉంచుకో."

"ఉంచుకుంటాలే. మబ్బు పడుతోంది, చూశావా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

మబ్బు సంగతి వాడికెందుకు?

ఇక్కడ అడవి గులాబీలు విచ్చుకున్నాయి. చర్చి వెనక సందులో రెండు వైపుల నుంచీ వంగి దారిని మూసేశాయి. వంగుని వెళ్లాల్సి వస్తోంది. నువ్వు చూస్తే సంతోషిస్తావు.

సైలస్

*

వర్దింగ్
జూన్ 24

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడవి గులాబీల మాట దగ్గర చిన్నప్పుడు నా గౌను చిరిగిన సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను. మిగతాదంతా చదివి నవ్వలేకపోయాను.

గేటుకు దారం కట్టడమేమిటి అన్నయ్యా? గాలికి తెగదా? తాడు కూడా నువ్వే కట్టి ఉంటావు. చేతులు వాటి పాటికి అవి పనిచేస్తాయి, మనకు తెలియదు. మా వీధి చివరి పెద్దాయన కూడా ఇలాగే మొదలుపెట్టాడు. ఎవరో వచ్చి తన కుర్చీ జరుపుతున్నారనేవాడు. చివరికి చూస్తే జరిపేది ఆయనే.

డాక్టరుకు ఒకసారి చూపించుకో. నా కోసం.

ఇంకోటి కూడా ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనకు. పోటీ అయ్యాక వచ్చే సోమవారం ఇళ్ల ధర కట్టే ఆయన ఒకరు విట్బీ నుంచి వస్తారు. చూడ్డానికి మాత్రమే. చూస్తే నీ సొమ్మేం పోదు.

ఎనిడ్

*

థోర్నిగిల్
జూలై 7

ఎనిడ్‌కి,

చూడ్డానికి మాత్రమే అన్నావు. ఇక్కడ అందరూ చూడ్డానికే వస్తున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇవాళ ఏ వారం, ప్రధానమంత్రి ఎవరు అని అడిగాడు. రెండూ చెప్పాను. ప్రధానమంత్రి గురించి అడిగినదానికంటే ఎక్కువే చెప్పాను. చాలు చాలు అని పంపించేశాడు.

మంగళవారం ఒక పని చేశాను. చేతికర్ర, సంచీ పట్టుకుని, జాబెజ్ కిటికీ ముందు నుంచి కనబడేలా నడిచి వెళ్లి, చుట్టు తిరిగి వచ్చి చర్చి గోడ వెనక దాక్కున్నాను. అక్కణ్ణుంచి నా తోట గేటు కనిపిస్తుంది. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మబ్బు తునక కూడా లేదు. మెడ మీద చర్మం ఎర్రగా కాలి ఊడిపోయింది. దినమంతా ఎండ కాయడం ఈ వేసవిలో అదే మొదలు, ఆ ఎండంతా గోడ వెనకే గడిపాను.

మర్నాడు నిజంగా నడకకు వెళ్లాను, వాన పడింది, గొడుగు తెరుచుకుంది. వాడు నాకంటే తెలివైనవాడు. నేను దాక్కున్న రోజు రాడు.

అందుకని గేటుకు తాళం వేశాను. మంచి ఇత్తడి తాళం. తాళంచెవి మెడలో వేసుకున్నాను. జాబెజ్ గోడ మీదుగా చూసి, "ఏం దాస్తున్నావురా, రాజుగారి కిరీటమా?" అన్నాడు. "దొంగలకు భయపడి" అన్నాను. వాడు ఏదో అనబోయి ఆగిపోయాడు. అలా మాట ఆపుకోవడం వాడి పద్ధతి కాదు.

శుక్రవారం వాడి భార్య డోర్కస్ పిండిలో మాంసం కూరి కాల్చిన ‘పై’ తెచ్చి గుమ్మంలో పెట్టింది. "ఒంటరిగా ఉంటున్నారు, వేడివేడిగా తినండి" అంది. ఆమె కళ్లు నా భుజం మీదుగా వంటగదిలోకే చూస్తున్నాయి. తినలేదు. కోళ్లకు వేశాను. సాయంత్రం దాకా కోళ్లు బాగానే తిరిగాయి. దాని వాసన మాత్రం ఇల్లంతా ఉండిపోయింది. రాత్రి గుడ్డు వండుకున్నాను.

కొండ మీద బిల్‌బెర్రీలు నల్లబడుతున్నాయి. ఫెర్న్ ఆకులు నడుము దాకా పెరిగి, వాన తర్వాత వాటి మధ్య నడిస్తే బట్టలు పిండుకోవాల్సిందే. ఒకచోట లేడిపిల్ల ఒకటి నన్ను చూసి కదలకుండా నిలబడింది. నేనూ నిలబడ్డాను. ఎవరు ముందు వెళ్లాలో తెలియక చాలాసేపు అలాగే ఉండిపోయాం.

సైలస్

*

వర్దింగ్
జూలై 13

అన్నయ్యా,

డోర్కస్ చేసిన ‘పై’ కోళ్లకు వేశావా! వెన్న వేసి, సొంతంగా పెంచిన ఉల్లిపాయలు వేసి, నీకు ఇష్టమని ప్రత్యేకంగా మిరియాలు ఎక్కువ వేసి చేసిందే! కొంచెమైనా...

సరే. ఎలాగూ నా నోటి నుంచే వచ్చేసింది. అవును, డోర్కసే నాకు రాస్తోంది. నేనే అడిగాను. చెప్పుల సంగతీ ఆమే రాసింది. చర్చి గోడ వెనక దాక్కున్న సంగతీ నీ ఉత్తరం కంటే ముందే నాకు చేరింది. "మెడ మీద తడిగుడ్డ వేసుకోమని చెప్పాలనుకున్నాను, కానీ ఆయన దాక్కున్నాననుకుంటున్నారు కదా, మొహమాటం వేసింది" అని రాసింది. ఊరంతా చూసిందట.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. నువ్వు నిజం రాస్తే నాకు వేరేవాళ్లను అడిగే పని ఉండేది కాదు. జాబెజ్ నీ తోటలోకి వెళ్తున్నాడా అని కూడా ఆమెను సూటిగా అడిగాను. "మా ఆయన సొంత పొద దాటి ఎక్కడికీ కదలడు" అని రాసింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి గొడుగు తెరిచేదెవరు? నువ్వే ఆలోచించు.

ఆ తాళం తీసెయ్. నువ్వు లోపల పడిపోతే ఎవరు రాగలరు?

ఎనిడ్

*

థోర్నిగిల్
జూలై 21

ఎనిడ్‌కి,

తాళం తీసేశాను. ఆలస్యంగా తీశాను.

గురువారం పొద్దున ఆకాశం కడిగినట్టుంది. గొడుగు మూసి, గేటుకు తాళం వేసి, కొండ అవతలి రాతి శిలువ దాకా వెళ్లాను. తిరుగుదారిలో ఉండగా పడమర నల్లబడింది. అంత పెద్ద వాన ఈ ఏడు పడలేదు. దారి వాగైపోయింది. పది రోజుల ఎండ తర్వాత అంత వాన పడితే కాయ నిలవదని తెలుసు. చేతనైనంత వేగంగా దిగి వచ్చాను. మనసులో కాయ తప్ప ఇంకేమీ లేదు.

తాళం అలాగే ఉంది. తెరిచి లోపలికి వెళ్తే జాబెజ్ పొద పక్కన బురదలో పడి ఉన్నాడు. గోడ ఎక్కి దూకబోయి జారాడు. పై రాయి ఒకటి ఊడి వాడితోపాటే పడింది. కుడి కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. కూర్చోలేక పడుకునే, ఒక చేత్తో గొడుగు కర్ర పట్టుకుని తూర్పు కొమ్మ మీదికి చాచి ఉన్నాడు. వాడు మాత్రం పూర్తిగా తడిసిపోయాడు.

"వచ్చావా!" అన్నాడు. "చెయ్యి లాగేస్తోంది. పట్టుకో ఈ గొడుగు."

"నువ్వు ఇక్కడేం చేస్తున్నావురా?"

"టీ తాగుదామని వచ్చాను. కనబడ్డం లేదూ?"

"జూన్ నుంచీ నువ్వేనా?"

"మరెవరనుకున్నావు? దేవదూతలా? మూసేసి కొండలు పట్టుకు తిరుగుతావు. ఈ దేశంలో మబ్బును నమ్మి కాయను వదిలే మొనగాడివి నువ్వొక్కడివే."

"నా కాయ పగిలితే నీకేం? నీకే మంచిది కదా."

అప్పుడు నిజంగా కోపం వచ్చింది వాడికి. కాలు విరిగినందుకు కాదు, ఆ మాటకు. "పద్దెనిమిదేళ్లుగా నిన్ను ఓడించాలని చూస్తున్నానురా. నీ కాయ తక్కెడ దాకా రాకపోతే ఎవర్ని ఓడించాలి? వాననా? గేటుకు తాళమొకటి, తెలివి తక్కువ వెధవా!"

గొడుగును కర్రకు కట్టి, నా కోటు వాడి మీద కప్పి, డోర్కస్‌ను కేక వేశాను. వాడు గోడ ఎక్కుతాడని ఆమెకూ తెలియదు. నా తోటలోకి వస్తున్నట్టు ఆమెకు చెప్పడానికి వాడికి సిగ్గట.

ఇప్పుడు విట్బీ ఆసుపత్రిలో ఉన్నాడు. తుంటి కింద విరిగింది. కాయలు మూడూ నిలిచాయి.

సైలస్

*

వర్దింగ్
జూలై 26

అన్నయ్యా,

వెంటనే కూర్చుని ఇది రాస్తున్నాను.

డోర్కస్ నుంచి ఒక్క వాక్యమే వచ్చింది. "మా ఆయన మీ అన్నయ్య తోటలో, తాళం వేసిన గేటు లోపల, కాలు విరిగి దొరికాడు." అంతే. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసే మనిషి. అది చదివాక నీ ఉత్తరం మళ్లీ చదివాను.

నిజం చెప్పు. వాడు లోపల ఉండగా నువ్వు వచ్చావా? మాటా మాటా పెరిగిందా? నువ్వు చెయ్యి చేసుకునే మనిషివి కాదని నాకు తెలుసు. కానీ ఈ వేసవిలో నువ్వు చేయవని నేను అనుకున్నవి చాలా చేశావు. శత్రువు కాయ కోసం గోడ దూకాడంటే ఎవరూ నమ్మరు. నేనైనా నమ్మాలంటే నువ్వే చెప్పాలి.

విట్బీ ఆయన పోటీ తర్వాతి సోమవారం వస్తున్నాడు. ఇప్పుడు వద్దని ఎలా చెప్పను?

ఎనిడ్

*

థోర్నిగిల్
ఆగస్టు 6, మంగళవారం

ఎనిడ్‌కి,

నేను తొయ్యలేదు. తాళం వేశాను. రెండింటికీ పెద్ద తేడా లేదని డోర్కస్ మొహం చెప్పింది. ఆమెతో వాదించలేదు.

వాడు పడ్డ మర్నాటి నుంచీ జాబెజ్ పొదను కూడా నేనే చూస్తున్నాను. ఉదయం గొడుగులు రెండూ మూయడం, మబ్బు పడితే రెండూ తెరవడం. నడక మానేశాను. నేను వాళ్ల తోటలో ఉన్నంతసేపూ డోర్కస్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తూ కూర్చునేది. వాళ్ల ఇంట్లో అన్ని బఠాణీలు ఎవరు తింటారో తెలియదు. నా చేతులే చూస్తోందని మాత్రం తెలుసు. నేనూ ఆమె స్థానంలో ఉంటే అదే చేసేవాణ్ణి.

శుక్రవారం బస్సులో జాబెజ్‌ను చూడ్డానికి వెళ్లాను. కాలు పైకి వేలాడదీసి ఉంది. మనిషి చిక్కాడు, నోరు చిక్కలేదు.

"నా కాయ ఎవరు కోస్తారు?" అన్నాడు.

"నేనే."

"తొడిమతో కోయాలి. నొక్కావంటే నాకు తెలిసిపోతుంది."

"ఇక్కణ్ణుంచి ఎలా తెలుస్తుంది?"

"డోర్కస్ పక్కనే నిలబడుతుంది. చెప్పాను."

"నన్ను నమ్మవా?"

"నువ్వు గేటుకు తాళం వేసినవాడివి," అన్నాడు.

తర్వాత ద్రాక్షపళ్లు నా వైపు తోశాడు. ఇద్దరం తిన్నాం.

శనివారం ఉదయం రెండు పొదల కాయలూ కోసి, దూది పరిచిన గుడ్ల పెట్టెలో పెట్టి, డోర్కస్ ఒక పక్కా నేనొక పక్కా పట్టుకుని హాలుకు మోసుకెళ్లాం. ఎవరు చూసినా శవపేటిక అనుకుంటారు. తక్కెడలో నా తూర్పు కొమ్మ కాయ పెట్టారు, ఎదురుగా జాబెజ్‌ది. నా పళ్లెం పైకి లేచింది. ఆవగింజంత తేడా. హాలంతా నా వైపు చూసింది. నేను గట్టిగా అడిగాను, కాయ తడిగా లేదు కదా అని. తుడిచి మళ్లీ తూచారు. వాడే గెలిచాడు.

డోర్కస్ అప్పుడు నవ్వింది. పడ్డ రోజు తర్వాత మొదటిసారి. "ఆ మాట మా ఆయనకు చెప్తాను, ఏడుస్తాడు," అంది.

నిన్న సోమవారం. బట్టలుతికి తీగ మీద ఆరేశాను. నీ విట్బీ మనిషి వస్తాడని గుర్తుంది. అతని ముందు నిలబడి వంటగది గోడ చూపించాలనిపించలేదు. ఎండ బాగుంది. గేటు తెరిచే ఉంచి కొండకు వెళ్లాను. హెదర్ పూసింది. కొండ కొండంతా ఊదారంగు. తేనెటీగల మోత తప్ప ఇంకేమీ లేదు. అన్ని రోజుల తర్వాత నడిస్తే కాళ్లు నావి కానట్టున్నాయి, తర్వాత నావయ్యాయి. రాతి శిలువ దగ్గర ఉండగా వాన మొదలైంది. తీగ మీద బట్టలు గుర్తొచ్చాయి. అయినా పరిగెత్తలేదు.

దిగి వచ్చేసరికి విట్బీ మనిషి కారెక్కుతున్నాడు. బాగా తడిశాడు. "తప్పు చిరునామా ఇచ్చారండీ," అన్నాడు నాతో, నేనెవరో తెలియక. "పక్కింటావిడ చెప్పారు. ఈ ఇల్లు అమ్మేది కాదట. ఇంటాయన మతి అద్దంలా ఉందట, వాళ్లాయన కాలు నయమయ్యేదాకా రెండు తోటలూ ఆయనే చూడాలట. పైగా నాలుగు బఠాణీలు తీసుకెళ్లమన్నారు." సీటు మీద బఠాణీల సంచీ ఉంది.

నువ్వు ఇంకా డోర్కస్‌కు రాయాలనుకుంటే రాయి. నాకు అభ్యంతరం లేదు. నీ వెనక గది వేరే ఎవరికైనా ఇచ్చుకో. సెప్టెంబరులో నువ్వే ఇక్కడికి రా. బ్లాక్‌బెర్రీలు పండుతాయి, ఇద్దరం వాగు వెంబడి వెళ్దాం. గొడుగు తెచ్చుకో.

చూరు కింద, ఇంటి మెట్టు మీద నా బట్టలు మడతపెట్టి ఉన్నాయి, పొడిగా, పైన ఒక పళ్లెం బోర్లించి. వాన రాకముందే ఎవరో తీగ మీంచి తీశారు. పళ్లెం కింద వేడివేడిగా మాంసం ‘పై’ ఉంది.

ఎవరు పెట్టారని నేను అడగలేదు. కోళ్లకూ వేయలేదు.

నీ అన్నయ్య
సైలస్